ఆగని చప్పట్లు

బొగూమిల్ వేదిక మీదికి రాగానే వార్సా నాటకశాలలో చప్పట్లు మోగాయి. నాటకాల్లో, సినిమాల్లో తల పండిన నటుడాయన. చప్పట్లు కొత్తేమీ కావు. తల వంచి అందుకుని, మొదటి మాటకు నోరు తెరిచాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి జనం లేచి నిలబడి మరీ కొట్టారు.

"ఇక చాలు, నాటకం సాగనివ్వండి!" అని అరిచాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. ముఖానికి పూసుకున్న రంగు చెమటకు కారిపోతోంది.

పక్కనే వేషంలో ఉన్న భార్య చెయ్యి పట్టుకుని, "యాద్విగా, నువ్వైనా ఆపమని చెప్పు. ఒక్క మాట మాట్లాడనిస్తే చాలు," అని ఆమె చెవిలో బతిమాలాడు.

"మొన్న టీవీలో మాట్లాడావుగా! కడుపు నిండలేదా?" అందామె.

"వేషం ఇస్తామన్నారు. నటుణ్ణి, ఎన్నాళ్ళని ఖాళీగా కూర్చోను?"

ఆ చలికాలం సైన్యం దేశాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. మనుషులను జైళ్ళలో కుక్కుతున్న ప్రభుత్వపు టీవీ గడప తొక్కేది లేదని నటులంతా ఒట్టు పెట్టుకున్నారు. ఆ నాటకశాలలో ఒట్టు తప్పింది బొగూమిల్ ఒక్కడే. ఇక ఆయన గొంతు వినకూడదనే జనం చప్పట్లు ఆపడం లేదు.

యాద్విగా చెయ్యి విడిపించుకుంది. జనం వైపు తిరిగి, వాళ్ళతో కలిసి తనూ చప్పట్లు కొట్టసాగింది.