కొలత బోరు

కొత్తగూడలో సక్కుబాయి లేడీస్ హాస్టల్‌కు నీళ్లు ఆగిపోయి తొమ్మిది రోజులైంది. నలభై మంది సాఫ్ట్‌వేర్ అమ్మాయిల్లో పదకొండు మంది అప్పుడే ఖాళీ చేశారు. మిగిలినవాళ్లు పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తి అక్కడే మొహాలు కడుక్కుంటున్నారు. పిల్లల్లో క్రమశిక్షణ పెరిగిందని కంపెనీలు మురిసిపోతున్నాయట.

పాత బోరు పూర్తిగా ఎండిపోయింది. ట్యాంకరు బుక్ చేస్తే మూడో రోజుకు వస్తుంది. వచ్చిన నీళ్లు ఒక పూటకు చాలవు. కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి. మొగుడు పోయాక ఆ హాస్టల్ మీదే బతుకుతున్న సక్కుబాయికి చట్టమంటే భయం. చుట్టుపక్కల ఇంకెవరికీ ఆ జబ్బు లేదు. రెండు రోజుల్లో బోరు వేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఆమెను చూసి జాలిపడేవారు.

ఆమె మాత్రం దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

బోరు అనుమతులిచ్చే ఆ ఆఫీసు చూడముచ్చటగా ఉంటుంది. గేటు నుంచి మెట్ల దాకా పచ్చిక. పచ్చిక అంచున గులాబీలు. నీటిని పొదుపుగా వాడమని చెప్పే బోర్డు కూడా తళతళలాడుతూ ఉంటుంది. అటెండరు ఓబులేసు దాన్ని రోజూ కడుగుతాడు.

అధికారి వెంకటరామయ్య మంచి మనిషి. చేయి చాపడు, విసుక్కోడు. ఏది అడిగినా కంప్యూటర్ తెర చూపిస్తాడు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. ఆఫీసు వెనక కొలత బోరు ఒకటి ఉందనీ, నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో దాంట్లోని సెన్సర్ గంటగంటకూ చెబుతుందనీ, ఈ చుట్టుపక్కల ఎవరికి అనుమతివ్వాలన్నా దాన్ని బట్టేననీ ఆమెకు ఓపిగ్గా వివరించాడు.

"కాదంటున్నది నేను కాదమ్మా. గీత," అన్నాడు.

గీత నిజంగానే దిగుతోంది. పొద్దున పదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం ఐదు దాకా దిగుతుంది. ఆదివారం కాస్త తేరుకుంటుంది. రెండో శనివారమూ అంతే. పండగ సెలవుల్లో అయితే కళకళలాడుతుంది. దీని మీద వెంకటరామయ్య పద్దెనిమిది పేజీల నివేదిక రాశాడు. ఐటీ వాళ్లు పనిచేసే రోజుల్లో నేల ఎండుతోందనీ, వాళ్లకు సెలవైతే నేలకూ సెలవేననీ తేల్చాడు. అందుకు పైవాళ్లు పిలిచి శాలువా కప్పారు.

సక్కుబాయి కాసేపు తెర వంక చూసింది.

"మా పిల్లలకు ప్రతి శనివారం సెలవే గద సారూ. తలకు పోసుకునుడు, బట్టలు పిండుకునుడు అంత ఆదివారమే. గా దినం నీళ్లెట్ల పెరుగుతయి?"

"అది సైన్సమ్మా. మీకు అర్థం కాదు," అన్నాడు వెంకటరామయ్య. ఆమెను చూసి నిజంగానే జాలిపడ్డాడు.

ఇంకుడు గుంత తవ్వించి ఫొటో తెమ్మన్నాడు. తవ్వించి తెచ్చింది. పక్కింటివాళ్ల నుంచి అభ్యంతరం లేదని కాగితం తెమ్మన్నాడు. అప్పటికే దొంగ బోరు వేసుకున్న పక్కింటాయన నవ్వుకుంటూ సంతకం పెట్టాడు. కాగితాలన్నీ సరిపోయాయి. గీత ఒక్కటే ఒప్పుకోలేదు.

మూడోసారి వెళ్లేసరికి పదకొండు దాటింది. ఆ పొద్దున్నే సుష్మ ఖాళీ చేసింది. ఆరేళ్లుగా మూడో అంతస్తు చివరి గదిలో ఉన్న పిల్ల. వెళ్తూ వెళ్తూ సక్కుబాయిని పట్టుకుని ఏడ్చింది. ఇక హాస్టల్‌లో మిగిలింది ఆరుగురు. వాళ్లూ నెలాఖరు దాకానే.

వెంకటరామయ్య తిరస్కరణ పత్రం మీద సంతకం పెట్టి, సీలు వేసి, రెండు చేతులతో గౌరవంగా అందించాడు. ఈ వారం గీత మరీ పడిపోయిందన్నాడు. ఎండలు ముదిరాయి కదా, జనం తెగ తోడేస్తున్నారని బాధపడ్డాడు. కిటికీ అవతల గులాబీలు మాత్రం విరగబూశాయి.

సక్కుబాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇగ హాస్టల్ మూసుకుంట సారూ. ఇరవై ఏండ్ల సంది నడిపిన. నా నోట్ల మన్ను కొట్టిన గా బోరు ఎట్లుంటదో ఒక్కపారి నా కండ్లతోని చూపియ్యుండ్రి. నేలల నీళ్లు లెవ్వంటే నా మనసన్న నిమ్మలమైతది."

వెంకటరామయ్యకు ఆ కోరిక న్యాయంగానే తోచింది. పాలనలో పారదర్శకత ఉండాలని అతను చాలా సభల్లో చెప్పాడు. నిజానికి ఈ ఆఫీసుకు వచ్చిన నాలుగేళ్లలో తను కూడా ఆ బోరు మూత తీసి చూడలేదు. గీత కళ్లెదుట ఉండగా గొయ్యిలోకి తొంగిచూసే అవసరం ఏముంది?

ఇద్దరూ వెనక్కి వెళ్లారు. రేకుల షెడ్డు. దాని మీద 'కొలత బోరు, ఎవరూ ముట్టరాదు' అని ఎర్రక్షరాలు. లోపల ఇనుప మూత, మూతకు తాళం. వెంకటరామయ్య తాళంచెవి కోసం కేకేశాడు.

గులాబీలకు నీళ్లు పెడుతున్న ఓబులేసు చేతిలోని పైపు అక్కడే పడేసి, ఒగరుస్తూ పరిగెత్తుకొచ్చి, మూతకు అడ్డంగా నిలబడి, "ఇప్పుడే తియ్యొద్దండి సార్, మన ట్యాంకుకు నీళ్లెక్కిచ్చే మోటరు దీంట్లోనే నడస్తా ఉండాది," అన్నాడు.