దారి పొడవునా కాకులు

ఎండాకాలం రాగానే జింకలన్నీ మడుగు దగ్గర్నుంచి బయల్దేరి, కొండ చుట్టూ తిరిగి, అవతలి వాగు దాకా పందెం పరిగెడతాయి. ఈసారి వాటితో తనూ పరిగెత్తాలని ఒక గేదెదూడకి పట్టుదల పుట్టింది.

రోజూ పొద్దున్నే మడుగు చుట్టూ పరిగెత్తేది. ఒక చుట్టు తిరగ్గానే నీళ్లలో దిగి, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టేది.

"ఇలాంటి కాళ్లు జింకలకి కూడా లేవు తమ్ముడూ" అనేవి చెట్టు మీది కాకులు.

"నీళ్లు లేనిచోట ఒక్కసారైనా పరిగెత్తి చూశావురా? మనది ఎండకి ఆగే ఒళ్లు కాదు" అంది ముసలి గేదె.

"నీకు కుళ్లు పెద్దమ్మా" అంది దూడ.

పందెం రోజు జింకలతో సమానంగా దూకింది. కొండ సగం తిరిగేసరికి జింకలు ముందుకెళ్లి కనుమరుగయ్యాయి, కింద రాళ్లు కాలిపోతున్నాయి. నోట్లో నురగ వచ్చింది. వెనక్కి తిరగబోయింది. దారి పొడవునా చెట్ల మీద కాకులే.

"ఇంకొంచెమే తమ్ముడూ. ఇప్పుడు ఆగితే నీ పరువేం కావాలి?"

దూడ మళ్లీ పరిగెత్తింది. తూలినప్పుడల్లా కాకులు "ఇంకొంచెమే" అన్నాయి.

వాగు చప్పుడు వినబడే చోట కూలబడింది. ఇక లేవలేకపోయింది. కాకులు ఒక్కొక్కటే దిగి చుట్టూ చేరాయి. ఆత్రం పట్టలేక ఒక కాకి దాని కంటి వైపు ముక్కు చాపింది. దూడ డొక్క ఇంకా ఎగసిపడుతూనే ఉంది. పెద్దకాకి రెక్క అడ్డం పెట్టి, మెల్లగా చెప్పింది.

"ఇంకొంచెమే."