నాలుగో బొటనవేలు

...అయినా ఇది శిక్షణే అయి ఉండాలి, నిజమైతే నా గుండె ఇంత నిదానంగా కొట్టుకోదు, అనుకుంది తహసీల్దారు హైమవతి. శిక్షణో నిజమో ముందుగా ఎవరికీ చెప్పకూడదన్నది నియమం. నిజమని తెలిస్తే అధికారుల చేతులు వణుకుతాయట.

తెర మీద గోదావరి పొంగుతోంది. పట్టణం దక్కాలంటే నది మధ్యనున్న లంక ఊరి గట్టుకు గండి కొట్టాలి. కలెక్టరు, పోలీసు, ఇరిగేషన్ అధికారులు ఎవరి గదిలో వాళ్లు అద్దం మీద బొటనవేలు ఆనించారు. నాలుగో వేలు తనది; నాలుగూ పడితేనే గట్టు తెగుతుంది. ఈ ఏడాది శిక్షణల్లో ఆ లంకను ఆమె ఎన్నోసార్లు ముంచింది. ముంచి, ఇంటికెళ్లి అన్నం తిని నిద్రపోయింది.

ఫోను మోగింది. లంకలో ఉండే సూరమ్మ.

"అమ్మా తాసీల్దారుగారూ, ఇయ్యాల కూడా ముంచేత్తారా మమ్మల్ని? మీ ఆటలో మేం రోజూ చత్తానే ఉన్నావంట గదా!" ముసలామె నవ్వింది. "సైరనైతే రోజూ కూత్తానే ఉంది, ఎవరూ కదల్లేదు. నిజమైతే సెప్పు తల్లీ, గేదెని ఇప్పుకుని గట్టెక్కుతాను."

ఈ గొంతు కూడా శిక్షణ కోసం యంత్రం కల్పించిందేనేమో, అనుకుంది హైమవతి.

"నాకూ తెలీదు, సూరమ్మగారూ."

"నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుత్తాదమ్మా?"

"హైమవతిగారూ, మీ వేలు కోసమే ఆగాం," అన్నాడు కలెక్టరు మైకులో.

లంకల గొంతులు తహసీల్దారుకు తప్ప మిగతా ముగ్గురికీ వినిపించకూడదు. వింటే ఆలస్యమవుతుందన్నది శిక్షణలో మొదటి పాఠం. ఆమె గుండె ఇంకా నిదానంగానే కొట్టుకుంటోంది. ఆమెకు భయం వేసింది దానికే.

"ఇప్పుడు నన్నడిగిన ఆ మాట మళ్లీ గట్టిగా అడగండి, సూరమ్మగారూ," అని, ఫోనును తన మైకుకు ఆనించింది.