చేరవేసినవాడు

"ఇన్‌స్పెక్టరుకి చేరవేసింది నువ్వే కదూ?" అన్నాడు గుమాస్తా ముత్యాలరావు.

పేతురు భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తాడేపల్లిగూడెంలో నరసింహరాజుగారి రైసు మిల్లులో ఇంజను చూసేది అతనే. అతని భార్య పాపమ్మ అక్కడే బియ్యం చెరుగుతుంది. ఫ్యాక్టరీల చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. చీకటిపడ్డాక ఆడవాళ్ళ చేత మిల్లుల్లో పని చేయించకూడదు. నిన్న రాత్రి ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చేసరికి పాపమ్మా, మిగతా ఆడకూలీలూ లైట్ల వెలుతురులో చేటలు పట్టుకుని ఉన్నారు. ఆయన కేసు రాసుకుని వెళ్ళిపోయాడు.

"నేను కాదండీ."

"మరి మొన్న పాపమ్మ నిద్రమత్తులో ఇంజను బెల్టు మీదికి తూలినప్పుడు, ఆడవాళ్ళని పెందలాడే పంపెయ్యమని అడిగిందెవరు?"

"నేనేనండి. మిమ్మల్నే అడిగానండి. ఇలాంటివి చూడ్డానికి ఒక ఆఫీసరుంటాడని నాకు రాత్రే తెలిసిందండి. ముందే తెలిసుంటే వెళ్ళి చెప్పుకునేవాణ్ణేమో."

ముత్యాలరావుకి ఒళ్ళు మండింది. ఆవేళ పాపమ్మ జబ్బ పట్టి వెనక్కి లాగింది తనే. ఆ రాత్రి అన్నం సయించలేదు కూడా. కానీ ఏం చేస్తాడు? మన మిల్లు ఒక్కటీ పెందలాడే ఆపితే, ధాన్యం బళ్ళన్నీ పక్క మిల్లుకి మళ్ళిపోతాయి. మిల్లే మూతపడితే ఈ పేతురూ, పాపమ్మా ఎక్కడికి పోతారు? ఆ మాట అప్పుడే చెప్పాడు. వింటేగా.

అంతలో నరసింహరాజు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఏమిటండీ ముత్యాలరావుగారూ?"

"మనిషి దొరికాడండి. ఈ పూటే పనిలోంచి తీసేద్దాం. వీడి మూలాన మనం కోర్టుకెక్కాలి. మనమే కాదండి, ఆ ఇన్‌స్పెక్టరు ఇక్కణ్ణించి వెళ్ళి ఊళ్ళో మిల్లులన్నిటి మీదా పడ్డాడట."

"అన్నిటి మీదానా?"

"ఒక్కటీ వదల్లేదండి. అందరి మీదా కేసులే. దెబ్బకి హడలిపోయి, ఇవాళ్టి నించి ఆడవాళ్ళని పొద్దుండగానే పంపేస్తామని ఒప్పేసుకున్నారట."

"అయితే బళ్ళు అటు మళ్ళిపోతాయన్న బెంగ లేదన్నమాట."

తమతోపాటు అందరూ ఇరుక్కున్నందుకు రాజుగారు సరిపెట్టుకుంటున్నారనుకున్నాడు ముత్యాలరావు. "అది నిజమేననుకోండి. కానీ కోర్టులో మన పరువేం కానండీ? ఉప్పు తింటున్న మిల్లు మీద చాడీలు చెప్పినవాణ్ణి ఊరికే వదిలేస్తే, రేపు ఇంకొకడు బయల్దేరతాడు."

బయట పాపమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక అక్కడే నిలబడిపోయింది.

నరసింహరాజు భార్యాభర్తలిద్దర్నీ చూశాడు. "పేతురూ, నువ్వెళ్ళి ఇంజను చూసుకో. పాపమ్మని కూడా పనిలోకి వెళ్ళమను."

వాళ్ళు వెళ్ళగానే ముత్యాలరావు మళ్ళీ అందుకున్నాడు. "మరి చేరవేసినవాణ్ణి ఏం చేద్దామంటారండీ?"

"ఏలూరు వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చెప్పింది నేనేనండి," అన్నాడు నరసింహరాజు. "ఊళ్ళో అన్ని మిల్లులూ పట్టుకుంటే గానీ ఎవరూ రాత్రిపని ఆపలేరన్నాను. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారని ఆయనడిగితే, మా మిల్లు నించే అన్నాను."