ముందు లేచినవాడు ఓడినట్టే

ఒక్కరోజైనా ఆ ముసలాయన కంటే వెనకాల లేవాలని కరెంటాయన పంతం పట్టాడు.

కరెంటాయనంటే ఇళ్ళకు వైరింగు చేసే మనిషి. ఇరవై ఏళ్ళ అనుభవం. ఏ ఫ్యాను ఎందుకు తిరగట్లేదో గుమ్మంలోంచే చెప్పేస్తాడు. లైసెన్సు మాత్రం లేదు. దానికి రాత పరీక్ష ఉంది. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ తప్పాడు. ఇచ్చేవి మూడే అవకాశాలు.

"ఈసారీ తప్పితే నా దగ్గర చేరిపో బావా, నిచ్చెన పట్టుకుందువుగాని" అన్నాడు బావమరిది. ఆయన లైసెన్సున్న మహానుభావుడు లెండి!

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచే నాలుగింటికల్లా పని ముగించుకుని గ్రంథాలయంలో చేరాడు.

చేరితే సరా? పుస్తకం తెరిస్తే చాలు, ఆవులింతలు. 'చదువుకునేవారిని కదిలించరాదు' అని గోడ మీద పెద్ద బోర్డు. కదిలించడానికి ఈయన కుదురుగా ఉంటే కదా! మొదటి రెండు రోజులూ నాలుగున్నరకే ఇంటికెళ్ళి పడుకున్నాడు.

మూడోనాడు ఎలాగో ఐదు దాటేదాకా కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు ముసలాయన. తల ముగ్గుబుట్ట. లావుపాటి పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చున్నాడు. గంట గడిచినా పేజీ తిప్పితే ఒట్టు! మధ్యమధ్య గడియారం చూసి నిట్టూర్చేవాడు. టైము చాలట్లేదు కాబోలు పాపం, అనుకున్నాడు కరెంటాయన.

'ఆ వయసులో ఆయనే కూర్చోగా లేనిది, నాకేం మాయరోగం!' అని సిగ్గుపడ్డాడు.

అక్కణ్ణుంచి రోజూ పోటీయే. ముసలాయన రాగానే ముందు కిటికీలన్నీ మూసేవాడు, వీధి గోల వినపడకుండా. అవతలి వరసల్లో లైట్లూ ఫ్యాన్లూ ఆపేసేవాడు. కరెంటు విలువ తెలిసిన మనిషని కరెంటాయన మురిసిపోయాడు. తర్వాత మళ్ళీ అదే కుర్చీ, అదే పుస్తకం, అదే పేజీ. చదువంటే అదీ!

ఆరింటిదాకా కూర్చున్నాడు కరెంటాయన. ముసలాయన లేవలేదు. ఆరున్నర. ఏడు. ఏడున్నర. ఊహూఁ. ఒకనాడు ముసలాయనకి ఇంటినుంచి ఫోనొస్తే, "ఇంకా అవలేదే, నువ్వు తినేసెయ్" అని గొణిగి పెట్టేశాడు. తిండి కూడా మానేశాడే అని కరెంటాయన ఇంకో పాఠం తెరిచాడు.

ఇంకోరోజు కళ్ళు మూతలు పడి కరెంటాయన పుస్తకం మూశాడు. ముసలాయన చటుక్కున లేచాడు, మొహం వెలిగిపోతూ. గెలిచానని అంత సంబరమా! కరెంటాయన పౌరుషంగా మళ్ళీ పుస్తకం తెరిచాడు. ముసలాయన నీరుగారి కూలబడ్డాడు. ఆ పూట ఎర్తింగు పాఠం మొత్తం నోటికొచ్చేసింది.

నవ్విన నాపచేనే పండింది. ఫలితాలు రాగానే బావమరిదికి ఫోన్ చేసి, "నిచ్చెన నువ్వే పట్టుకోరా" అన్నాడు. మిఠాయి పొట్లంతో గ్రంథాలయానికి పరుగెత్తాడు. ముసలాయన మెట్ల మీదే ఎదురయ్యాడు.

"పెద్దాయనా, పాసయ్యాను! అంతా మీ చలవే."

"నేనేం చేశాను నాయనా?"

"అదేంటండీ! మిమ్మల్ని చూసే కదా అంతసేపు కూర్చున్నాను. మీరు లేవకుండా నేనెలా లేస్తాను?"

ముసలాయన నోరు తెరిచాడు.

"అయితే... ఇక రావా?"

"ఇంకేం పనండీ నాకిక్కడ?"

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కరెంటాయన పొట్లం విప్పి మిఠాయి ఆయన చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళ తోడు మరి.

ముసలాయన మిఠాయి నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుని, కరెంటాయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

"హమ్మయ్య! అయితే ఇవాళ్టినుంచీ ఐదింటికే తాళం వేసుకుని ఇంటికి పోవచ్చన్నమాట!"