గడియారం వెంట పాడే గొంతు

పళ్ళ డాక్టరు ఏళ్ళ తరబడి వెతికి వెతికి పాట పాడే చేతిగడియారం ఒకటి సంపాదించాడు. మీట నొక్కితే లోపల సన్నటి ఉక్కు పళ్ళు మోగి చిన్న రాగం పలుకుతుంది. ఆ రాత్రి భోజనానికి వచ్చిన స్నేహితులు, అందరూ గడియారాల పిచ్చివాళ్ళే, దాన్ని చేతులు మార్చుకుంటూ చెవికి ఆనించుకున్నారు.

"గాజుగిన్నె మీద చినుకులు పడ్డట్టుంది," అన్నాడు నగల వ్యాపారి.

"రాగం కంటే, వెంట కూనిరాగం తీసే ఆవిడ గొంతు బాగుంది," అన్నాడు ముసలి లాయరు.

అందరూ పకపకా నవ్వారు. ఉక్కు పళ్ళకు గొంతెక్కడిది? లాయరు మాత్రం నవ్వలేదు. చెప్పాపెట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక ఇల్లు బావురుమంది. డాక్టరు సోఫాలో కూర్చుని, చెల్లెలింటికి వెళ్ళిన భార్యకు ఫోన్ చేసి, గడియారాన్ని దగ్గర పెట్టి మీట నొక్కాడు. రాగం అయిపోయింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది గానీ, మీ పక్కన పాడుతున్నదెవరండీ?"

"ఎవరూ లేరే! నేనొక్కణ్ణే."

"రాగం ఆగిపోయింది కదా. ఆవిడ ఇంకా పాడుతోంది." భార్య గొంతు తగ్గించింది. "ఫోన్ పెట్టెయ్యకండి. మెల్లగా లేచి బయటికి వచ్చెయ్యండి."

డాక్టరు చెవులు రిక్కించాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టి లేచాడు. సోఫా కిర్రుమంది.

ఒక్క క్షణం ఆగి, రెండో వైపు కూడా కిర్రుమంది.