లైనింగ్ అవ్వ

ఒకే గౌనును రెండు చేతులు ఒకేసారి పట్టుకున్నాయి.

తెల్ల శాటిన్ పెళ్లిగౌను. ఏ దేశపు పెళ్లికూతురు విడిచిందో, మూటలో పడి, ఓడెక్కి, ఫిలిప్పీన్స్‌లోని బాగియో కొండమీద దొమింగా నడిపే పాతబట్టల ఉకాయ్ అంగడికి చేరింది. పైన లేసు చిరిగిపోయింది. కింది కుచ్చిళ్ల గుడ్డకు మాత్రం ఒక్క మరక లేదు.

ఒక చెయ్యి రోసెండాది. రెండోది లైనింగ్ అవ్వది.

అవ్వ అసలు పేరు బసిలీసా. అంగట్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. కొత్త మూట విప్పే రోజు పొద్దున్నే వచ్చి, మోచేతుల దాకా కుప్పలో చేతులు పెట్టి వెతికేది. మంచి ఉన్ని కోటు దొరికితే లోపలివైపు తిప్పి చూసేది. తెల్లటి మెత్తటి లైనింగ్ ఉంటే కొని, అక్కడే చిన్న కత్తెరతో ఆ లైనింగ్ ఊడదీసుకుని, కోటును మళ్లీ కుప్పమీదే వదిలేసి పోయేది.

లైనింగ్ కోసం కోటు కొనే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని దొమింగా ఏడిపిస్తే, "నాకు చలి లేదులే, కోటు నువ్వు తొడుక్కో" అనేది.

రోసెండా బతుకూ ఆ కుప్పమీదే. పాత కోట్లూ జీన్సులూ విప్పదీసి చేతిసంచులు కుడుతుంది. ఆదివారాలు బళ్ల రాకపోకలు ఆపేసిన సెషన్ రోడ్డులో పరుచుకుని కూర్చుంటే, మనీలా నుంచి వచ్చినవాళ్లు ఇవి పాతబట్టలంటే నమ్మరు.

ఎనిమిది నెలల కిందట ఆమె పెద్దాసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చింది. ఏడో నెలలో పుట్టిన పాప కళ్లు తెరవలేదు.

ఆ రోజు నుంచి రోసెండా ఏడవలేదు. మిషను తొక్కుతుంది. అన్నం పెడితే తింటుంది. వాన వస్తే ఆరేసిన బట్టలు తీస్తుంది. మొగుడు ఎస్టెబాన్ వెనక నిలబడి చూసి, తను నడిపే జీప్నీ బండి తాళాలు తీసుకుని వెళ్లిపోతాడు.

"అమ్మాయ్, ఇది నాకొదిలెయ్" అంది అవ్వ, గౌను వదలకుండానే.

"నేనే ముందు పట్టుకున్నాను."

"మొత్తం వద్దులే. కింది కుచ్చిళ్లలో సగం చాలు."

"పెళ్లికూతుళ్ల చేతిసంచులు ఆరు ఒప్పుకున్నాను. వాటికి ఆ గుడ్డే కావాలి."

"సంచికి ఏ రంగైనా అందమే కదమ్మా. నాకు తెల్లదే కావాలి."

"తెల్లగుడ్డతో నీకేం పని అవ్వా, ఈ వయసులో?"

అవ్వ జవాబు చెప్పబోయింది. దగ్గు తెర వచ్చింది. అది ఆగేసరికి చెయ్యి గౌను మీద లేదు.

"పిల్లలెంతమంది నీకు?" అని అడిగింది.

"లేరు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. వంగి కుట్టేటప్పుడు వీపు వెనక దిండు పెట్టుకోమని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ముసలిదానితో పంతమేమిటే అని దొమింగా మందలించింది. రోసెండాకు సిగ్గూ వెయ్యలేదు, గెలిచానన్న సంతోషమూ కలగలేదు. ఇంటికి పోయి ఆ కుచ్చిళ్లను ఆరు సంచుల ముక్కలుగా కత్తిరించింది.

తర్వాతి మూట విప్పిన రోజు అవ్వ రాలేదు. ఆపై వారమూ రాలేదు. తెల్ల లైనింగున్న కోట్లు కుప్పమీద అలాగే ఉండిపోయాయి.

నాలుగో వారం దొమింగా చెప్పింది. దగ్గు ముదిరి అవ్వ చనిపోయిందట. తొమ్మిది రోజుల ప్రార్థనలు కూడా అయిపోయాయట.

"అలాగా" అంది రోసెండా. ఇంకో కోటు తిప్పి చూసింది.

అప్పుడే పెద్దాసుపత్రి నర్సు ఒకామె, డ్యూటీ దుస్తుల మీద స్వెట్టర్ వేసుకుని, అంగట్లోకి వచ్చింది. బసిలీసా అవ్వ ఇక్కడికే వస్తుందని ఎవరో చెప్పారట, ఇల్లు తెలియక వచ్చిందట. దొమింగా సంగతి చెప్పింది.

నర్సు విప్పని మూటమీద కూర్చుండిపోయింది.

"మా వార్డులో సొరుగు ఖాళీ అయిపోయింది" అంది. "నిన్న ఒక బిడ్డను గాయాలకు కట్టే గుడ్డలో చుట్టి ఇచ్చాం."

ఏం సొరుగని దొమింగా అడిగింది.

నర్సు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పుట్టీ పుట్టకుండానే పోయిన పిల్లలకు సరిపడే బట్టలు ఏ అంగట్లోనూ దొరకవు. పదకొండేళ్లుగా అవ్వే కుట్టి తెచ్చేది. పాత లైనింగులు ఉడకబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఒక్కో గౌనుకు మెడ దగ్గర దారంతో ఒక్కో పువ్వు కుట్టేది. కుట్లు బయటివైపుకే ఉంచేది. లోపలికైతే బిడ్డకు గుచ్చుకుంటాయనేది.

"ఆ తల్లులకు అవ్వ సంగతి తెలుసా?" అంది దొమింగా.

"చెప్పనిచ్చేది కాదు. ఎవరైనా అడిగితే ఆసుపత్రిదే అనమనేది."

రోసెండా చేతిలోని కోటు కింద పెట్టింది.

"కొలత ఎంత?" అని అడిగింది.

నర్సు రెండు అరచేతులూ ఎడంగా పెట్టి చూపించింది.

రోసెండా అటు చూడలేదు. ఆ కొలత ఆమెకు తెలుసు. ఎనిమిది నెలల కిందట పాపను ఒళ్లో పెట్టినప్పుడు ఆమె అక్కడి నర్సును అడిగింది ఒకే ఒక్క మాట, ఈ తెల్లగౌను ఎవరు కుట్టారని. ఆసుపత్రిదే అన్నారు.